వాళ్ళు ఇటు తిరిగారు

ముందుగా మీకు కనిపించేవి వీపులు.

ముదురాకుపచ్చ యూనిఫాంల వీపులు, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. వాటి పక్కన బూడిదరంగు ల్యాండ్ రోవర్లు, ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలిపినవి. సందులోంచి తొంగిచూస్తే ముళ్ళతీగ చుట్టలు, అవతల పచ్చిక బయలు, ఆ పైన మెరక మీద చర్చి శిఖరం. చర్చి చుట్టూ నల్లకోట్లు, గుండ్రటి నల్లటోపీలు, మెడల్లో నారింజరంగు పట్టీలు. ఇక్కడి నుంచి చూస్తే చీమల బారులా ఉన్నారు. డప్పు మాత్రం పక్క సందులో మోగుతున్నట్టే ఉంది. ఒక్కో దెబ్బకీ మీ పొట్టలో ఏదో అదురుతోంది.

1996 జులై 7, ఆదివారం. ఉత్తర ఐర్లండ్‌లో పోర్టడౌన్ అనే ఊరు. మెరక మీదది డ్రమ్‌క్రీ చర్చి. మీ కాళ్ళ కిందది గార్వాహీ రోడ్డు.

మీరెవరు? డబ్లిన్‌లో, ఐర్లండ్ విదేశాంగ శాఖలో ఒక మామూలు అధికారి అనుకోండి. నిన్న రైలెక్కి సరిహద్దు దాటి ఇక్కడ దిగారు. రైలు కిటికీలోంచి చూస్తే సరిహద్దు ఎక్కడ దాటారో కూడా తెలియలేదు. పొలాలు అవే, ఆవులు అవే. దిగాక తెలిసింది. మీ దేశంలో పోస్టుడబ్బా ఆకుపచ్చగా ఉంటుంది, ఇక్కడ ఎర్రగా ఉంది.

మీ శాఖలో మీలాంటివాళ్ళకి ట్రావెలర్లు అని పేరు. ఉత్తరాన ఊరూరూ తిరగడం, ఎవరి వంటింట్లోనో కూర్చుని టీ తాగడం, వాళ్ళు చెప్పింది వినడం, తిరిగొచ్చి రాసిపెట్టడం. అంతే పని. నోరు విప్పకూడదు. దేంట్లోనూ చెయ్యి పెట్టకూడదు.

బ్రిటన్ పాలించే ఊళ్ళో పక్కదేశం ఉద్యోగికి ఏం పని? 1985లో హిల్స్‌బరోలో రెండు ప్రభుత్వాలూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఇక్కడి వ్యవహారాల్లో నిర్ణయం లండన్‌దే. కానీ అభిప్రాయం చెప్పే హక్కు, మరీ ముఖ్యంగా ఇక్కడి కాథలిక్కుల తరఫున చెప్పే హక్కు, డబ్లిన్‌కి ఉంటుంది. ఆ హక్కుకి కళ్ళూ చెవులూ మీరు.

మీకు బస ఇచ్చిన ముసలావిడ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా ఆ వీపుల్నే చూస్తోంది.

"ఎప్పుడూ మా వైపు తిరిగి నిలబడేవాళ్ళు," అంటుంది. "పోయినేడు రెండు రోజులు వీపు చూపించారు. ఈసారి ఎన్నాళ్ళో."

ఏ వీధిలోంచి వెళ్ళాలి, ఎక్కడ డప్పు ఆపాలి అన్న తగువు మనకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడిదీ అదే. ఆరెంజ్ ఆర్డర్ ప్రొటెస్టెంట్ల సంఘం. 1690లో బాయిన్ నది ఒడ్డున విలియం రాజు కాథలిక్ రాజుని ఓడించాడు. ఆ గెలుపుని ఏటా జులై 12న ఊరేగింపులతో తలుచుకుంటారు. అంతకు ముందు ఆదివారం పోర్టడౌన్ వాళ్ళు డ్రమ్‌క్రీ చర్చికి నడిచి వెళ్ళి ప్రార్థన చేసి వస్తారు. 1807 నుంచీ ఇదే ఆనవాయితీ. 1916లో సోమ్ యుద్ధంలో ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయిన తమ ఊళ్ళ కుర్రాళ్ళని కూడా ఆ రోజే తలుచుకుంటారు. వచ్చే దారి ఈ గార్వాహీ రోడ్డు. ఒకప్పుడు దీనికి రెండు పక్కలా పొలాలు. ఇప్పుడు కాలనీలు. కాలనీల్లో ఉన్నది దాదాపు అంతా కాథలిక్కులు.

మా తాతలు నడిచిన దారి, పావుగంటలో దాటిపోతాం, మీకేం పోయింది అంటారు వాళ్ళు. మమ్మల్ని ఓడించిన కథ మా గుమ్మం ముందే చెప్పుకుంటూ పోతుంటే పోలీసులు మమ్మల్ని ఇళ్ళలో పెట్టి కాపలా కాస్తారా అంటారు వీళ్ళు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. తగువు తెగకపోవడానికి కారణం కూడా అదే అనుకుంటాను.

నిన్న పోలీసు ఉన్నతాధికారి హ్యూ యానెస్లీ తేల్చి చెప్పాడు. ఈ ఏడు ఈ రోడ్డు మీదుగా వద్దు. వచ్చిన దారినే వెళ్ళండి.

వాళ్ళు వెళ్ళలేదు. చర్చి నుంచి దిగి వచ్చారు, ముళ్ళతీగ దాకా. అక్కడ ఆగారు. దారి ఇచ్చేదాకా కదలం అన్నారు.

మీరు చీకటి పడాలని చూస్తున్నారు. పడదు. జులైలో ఇక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురే.

సోమవారం పొద్దున టీ కప్పు మీ చేతిలో ఉండగానే రేడియోలో వార్త వస్తుంది. ఇక్కడికి కొన్ని మైళ్ళలో, ఒక పల్లెదారిలో, టాక్సీలో ఒక శవం. డ్రైవర్. కాథలిక్. కొద్ది రోజుల క్రితమే యూనివర్సిటీ పట్టా అందుకున్నాడు. రాత్రి ఎవరో టాక్సీ కావాలని పిలిచారు, వెళ్ళాడు.

ముసలావిడ రేడియో కట్టేస్తుంది. మళ్ళీ పెడుతుంది.

నడవాలో గోడకి ఫోను ఉంది. మీరు మెలికల తీగ చేతికి చుట్టుకుంటూ మేరీఫీల్డ్‌కి చేస్తారు. మేరీఫీల్డ్ బెల్‌ఫాస్ట్ పక్కన హోలీవుడ్‌లో ఉన్న ఆఫీసు. 1985 ఒప్పందం తర్వాత ఐర్లండ్ ఉద్యోగులూ బ్రిటిష్ ఉద్యోగులూ ఒకే కప్పు కింద కూర్చునే చోటు. ఏ గొడవ వచ్చినా డబ్లిన్ మాట లండన్ చెవిన పడేది ముందు అక్కడే. మీరు చూసింది చెబుతారు. అటువైపు పెన్ను గీసుకుంటున్న శబ్దం. తర్వాత మీకొక వార్త చెబుతారు. స్టార్మంట్‌లో శాంతి చర్చల బల్ల దగ్గర నుంచి యూనియనిస్టు పార్టీలు, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్ళు, లేచిపోయాయి.

మీకు వెన్ను చల్లబడుతుంది.

ఎందుకంటే ఆ బల్ల కోసం మీ శాఖ ఏళ్ళ తరబడి తిరిగింది. చర్చలు మొదలై నెలే అయింది, జూన్ 10న. అధ్యక్షుడు అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టడానికే రెండు రోజుల రగడ. బ్రిటన్ పాలన మీద ఆయుధాలు పట్టిన ఐఆర్‌ఏ ఫిబ్రవరిలో లండన్ రేవుల దగ్గర బాంబు పేల్చి కాల్పుల విరమణకి స్వస్తి చెప్పింది. అందుకని దాని రాజకీయ పార్టీ షిన్ ఫేన్‌ని గుమ్మం బయటే నిలబెట్టారు. జూన్ 15న మాంచెస్టర్ నడిబొడ్డున ఇంకో బాంబు. అంటే ఆ బల్లకి ఒక కాలు ముందే లేదు. ఇప్పుడు ఇంకోవైపు వాళ్ళు లేచారు.

అలా లేచినవాళ్ళలో డేవిడ్ ట్రింబుల్ ఉన్నాడు. అల్‌స్టర్ యూనియనిస్టు పార్టీ నాయకుడు, ఈ ఊరికి ఎంపీ కూడా. పోయినేడు ఇదే ఊరేగింపు పట్టుబట్టి దాటాక, ఇంకో యూనియనిస్టు నాయకుడు ఇయాన్ పెయిస్లీ చెయ్యి పట్టుకుని పైకెత్తి ఈ ఊళ్ళో నడిచాడు. రెండు నెలల్లో పార్టీ నాయకుడయ్యాడు. ఇప్పుడు ఆ మెరక మీద ఉన్నాడు. దిగి రావడం ఆయనకి అంత తేలిక కాదు.

గార్వాహీ వాళ్ళ తరఫున మాట్లాడేది బ్రెండన్ మెక్‌కెన్నా. ఒకప్పుడు బాంబు కేసులో జైలుకెళ్ళిన మనిషి. అందుకని ఆరెంజ్ వాళ్ళు ఆయనతో ఎదురెదురుగా కూర్చోరు. అసలు మాట్లాడుకోనివాళ్ళ మధ్య మాట కుదర్చాలి. ఎవరు కుదురుస్తారో మీకు తెలియదు.

మంగళవారం మెరక మీద జనం పెరిగారు. పొలాల్లో గుడారాలు, మంటలు. రాత్రంతా హెలికాప్టర్ ఒకే చోట నిలబడి గాలిని తవ్వుతోంది. మీరు పడుకున్న గదిలో అద్దం సన్నగా వణుకుతోంది. పొద్దునకి రేడియో నిండా రోడ్ల పేర్లు. ఏది మూశారు, ఎక్కడ లారీ తగలబెట్టారు, ఎక్కడ చెట్టు నరికి అడ్డం వేశారు. లార్న్ రేవుకి దారి లేదు. బెల్‌ఫాస్ట్ విమానాశ్రయానికి దారి లేదు. బ్రిటన్ ఇంకో వెయ్యి మంది సైనికుల్ని దింపుతోంది.

బుధవారం సాయంత్రం మేరీఫీల్డ్ నుంచి ఫోను. మీరు స్వయంగా రండి, ఫోనులో అన్నీ మాట్లాడలేం.

పక్కింటాయన కారు ఇచ్చాడు. ఇక్కడి నంబరు ప్లేటు ఉన్న కారు, అది ముఖ్యం. డబ్లిన్ కారుకి ప్లేటు మీద డి అక్షరం ఉంటుంది. అది చాలు. పెద్ద రోడ్డు వద్దన్నారు. పల్లెదారులు పట్టారు. రెండు వైపులా మనిషెత్తు పొదలు. మలుపు తర్వాత ఏముందో కనిపించదు. కిటికీ దించితే రబ్బరు కాలుతున్న వాసన.

మలుపు తిరిగారు.

రోడ్డుకి అడ్డంగా వ్యాను. తగలబడుతోంది. ముందు ఎనిమిది, పది మంది. కుర్రాళ్ళు. మొహాలకి గుడ్డలు. చేతుల్లో కర్రలు. ఒక కారు ఆపి ఉంది. అద్దంలోంచి లైసెన్సు అందిస్తున్న చెయ్యి కనిపిస్తోంది. లైసెన్సు మీద పేరు చూస్తారు. ఇక్కడ పేరు చూస్తే మతం తెలుస్తుంది. మీ పేరు చూడక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు. మీ యాస డబ్లిన్ యాస.

యాభై గజాల్లో పోలీసు ల్యాండ్ రోవర్. లైట్లు వెలుగుతున్నాయి. తలుపులు మూసి ఉన్నాయి. ఎవరూ దిగడం లేదు.

ముందు కారు వదిలారు. ఒకడు మీ వైపు చెయ్యి ఊపుతున్నాడు. రమ్మని.

ముందుకి వెళ్తే మాట్లాడాలి. ఆగితే వాళ్ళొస్తారు. వెనక్కి తిరిగితే అనుమానం.

అతను నడవడం మొదలుపెట్టాడు.

మీరు గేరు మార్చారు. రివర్స్. పొద కొమ్మలు కారుని గీరుకుపోతున్నాయి. ఏదో వచ్చి బానెట్‌కి తగిలింది. చూడకండి. వెనక అద్దంలో మలుపు. ఇంకొంచెం. ఇంకొంచెం. తిరిగింది.

ఒక పొలం గేటు దగ్గర కారు ఆపి, స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయడానికి కొంతసేపు పడుతుంది. మేరీఫీల్డ్‌కి వెళ్ళడం లేదు. మళ్ళీ గార్వాహీ రోడ్డుకే. ముసలావిడ తలుపు తీసి మీ మొహం చూస్తుంది, ఏమీ అడగదు, కెటిల్ పెడుతుంది.

గురువారం, జులై 11.

వీపులు ఉన్నాయి. పొద్దున లేవగానే మీరు చేసే పని అదే అయింది, వెళ్ళి వీపులు చూసి రావడం. నాలుగు పగళ్ళు రాళ్ళు తిన్నారు ఆ కుర్ర పోలీసులు. వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ప్రొటెస్టెంట్లే. అవతల రాళ్ళు విసురుతున్నవాళ్ళలో వాళ్ళ పక్కింటివాళ్ళూ ఉంటారు, వాళ్ళ పెళ్ళాం బిడ్డలు ఉండే వీధి వాళ్ళకి తెలుసు. ఇది మీరు నోట్‌బుక్‌లో రాసుకుంటారు. డబ్లిన్‌లో ఇది ఎవరికీ అంతగా పట్టదని తెలిసి కూడా రాసుకుంటారు.

రేపు పన్నెండు. రేపటికి ఉత్తర ఐర్లండ్ నలుమూలల నుంచీ వేలాది ఆరెంజ్ వాళ్ళు ఈ మెరకకే రావచ్చని వీధిలో అనుకుంటున్నారు. అరవై వేలంటాడు ఒకడు, డెబ్బై అంటాడు ఇంకొకడు. ఇనప రేకులు తొడిగిన ఒక పొక్లెయిన్ తెచ్చి పెట్టారని, దాంతో కంచె తొక్కించేస్తారని కూడా. మెరక మీద తుపాకులవాళ్ళు చేరారని కూడా. ఏది నిజమో కనుక్కునే వ్యవధి లేదు.

ఒక్క మంచి కబురు ఉంది. ఊళ్ళోనే ఒక కార్పెట్ ఫ్యాక్టరీలో నలుగురు మతపెద్దలు కూర్చున్నారు, కాథలిక్ కార్డినల్ కాహల్ డేలీ, ప్రొటెస్టెంట్ ఆర్చిబిషప్ రాబిన్ ఈమ్స్ సహా. రెండు పక్షాల మనుషులూ వేర్వేరు గదుల్లో ఉన్నారు. ఆ గదికీ ఈ గదికీ మాట తీసుకెళ్తున్నారు. మీరు మేరీఫీల్డ్‌కి ఫోను చేసి ఇదే చెబుతారు. ఆశ ఉందా అని అడుగుతారు. ఉంది అంటారు మీరు.

మధ్యాహ్నం కావస్తోంది.

ఇంజిన్ల చప్పుడు. ఒక్కసారిగా, అన్నీ కలిసి.

బయటికి వస్తారు. ల్యాండ్ రోవర్లు కదులుతున్నాయి. ముళ్ళతీగ చుట్టల్ని పోలీసులు పక్కకి లాగుతున్నారు. ముసలావిడ రేడియో గొంతు పెంచుతుంది. ఊరేగింపుని అనుమతిస్తున్నారు. ప్రాణనష్టం జరిగే ముప్పుంది కాబట్టి అంటున్నాడు యానెస్లీ. ఫ్యాక్టరీలో పెద్దలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

పోలీసులు ఇటు తిరిగారు.

నాలుగు రోజులుగా మీరు చూసిన వీపులకి మొహాలు వచ్చాయి. హెల్మెట్లు, ముందు పారదర్శకపు డాళ్ళు. ఇటే నడుస్తున్నారు.

వీధి అంతా బయటికొచ్చింది. ఎవరూ చెప్పలేదు. తలుపులు తెరుచుకున్నాయి, అంతే. ఎప్రాన్లతో, చంకన బిడ్డలతో, స్కూలు కుర్రాళ్ళు, ముసలాళ్ళు. రోడ్డు మీద కూర్చుంటున్నారు. చేతిలో చెయ్యి బిగించి.

ముసలావిడ చెప్పులు మార్చుకుంది. బూట్లు వేసుకుని గేటు తీసింది. రోడ్డు మధ్యకి వెళ్ళి, మోకాలు పట్టుకుని, నెమ్మదిగా కూర్చుంది. పక్కన చోటుంది. మీ వైపు చూసింది. రమ్మనలేదు. వద్దనలేదు.

మీ కాళ్ళు గడప మీద ఉన్నాయి.

కూర్చుంటే? ఎవరో ఫోటో తీస్తారు. పట్టుకెళ్తారు. బ్రిటన్ గడ్డ మీద పోలీసులకి అడ్డం కూర్చున్న ఐర్లండ్ ప్రభుత్వోద్యోగి. రేపు పేపర్లో మీ ప్రధానమంత్రి మాట్లాడబోయే ప్రతి మాటా ఆ ఫోటో కింద కొట్టుకుపోతుంది. కూర్చోకపోతే? నాలుగు రోజులు ఆమె టీ తాగారు.

మీరు నోట్‌బుక్ తీశారు.

లాఠీలు లేచాయి. ముందు వరస. జుట్టు పట్టి లాగుతున్నారు. ఒకామె బూటు ఊడిపోయింది. అరుపులు. ఎవరి బిడ్డో. ముసలావిడని ఇద్దరు చంకల కింద చెయ్యేసి ఎత్తారు. కాళ్ళు నేలకి ఆనడం లేదు. పేవ్‌మెంట్ మీద పడేశారు.

టప్.

పొట్టి, మొద్దు చప్పుడు. మళ్ళీ. టప్. టప్.

ప్లాస్టిక్ తూటాలు. ఒకటి గోడకి కొట్టుకుని మీ కాళ్ళ దగ్గర దొర్లింది. తీశారు. జానెడు కంటే తక్కువ పొడవు, కొవ్వొత్తిలాంటి దిమ్మ. బరువుంది, 135 గ్రాములు. వేడిగా ఉంది. తలకి తగిలితే మనిషి పోతాడు, ఇంతకు ముందు పోయారు. జేబులో వేసుకున్నారు. ఆ వారంలో పోలీసులు ఇలాంటివి వేలకి వేలు పేలుస్తారు. వాటిలో ఎక్కువ భాగం ఇటువైపే, ఈ మధ్యాహ్నం తర్వాతే.

తర్వాత రోడ్డు ఖాళీ. రెండు పక్కలా ల్యాండ్ రోవర్ల గోడ. దాని వెనక వీధి జనం. ఎవరి గుమ్మంలోకి వాళ్ళు వెళ్ళడానికి కూడా లేదు.

వాళ్ళు వస్తున్నారు. సుమారు 1,200 మంది. నల్లకోట్లు, నారింజ పట్టీలు, తెల్ల చేతితొడుగులు, మడిచిన గొడుగులు. నాలుగు రోజుల గడ్డాలు. చూపు తిన్నగా ముందుకి. దగ్గర నుంచి చూస్తే చీమలు కారు, తాతలూ నాన్నలూ. ఒకాయనకి ఛాతీ మీద పతకాలున్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. మీకు అది గెలుపో, అలసటో తెలియడం లేదు. వీధి మొత్తం ఈలలు, బూతులు, చెత్తడబ్బా మూతల మోత.

వాళ్ళు చెప్పినట్టే, పావుగంటలో అయిపోయింది.

నడవాలో ఫోను. మీ వేళ్ళు వణుకుతున్నాయి, నంబరు రెండుసార్లు తప్పు తిప్పారు. చెప్పారు, చూసింది చూసినట్టు. చివర్న ఒక ప్రశ్న అడిగారు: మనకి ముందే చెప్పారా? అటువైపు కొంతసేపు ఏమీ లేదు. తర్వాత, రాసింది పంపండి అన్నారు.

రాత్రి వంటింటి బల్ల మీద రాస్తారు. బయట పెట్రోలు సీసాలు పగులుతున్నాయి. ముసలావిడ మోచేతికి ఐసు కట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఏం రాస్తారు? బలవంతంగా అని రాయాలా, బలప్రయోగంతో అని రాయాలా? అధికార భాషలో ఈ రెండింటి మధ్యా చాలా దూరం ఉంటుంది. ఒక మాట డబ్లిన్‌లో ఫైలులో ఉండిపోతుంది. ఇంకో మాట లండన్‌లో బల్ల మీద పడుతుంది. మీరు రెండూ కొట్టేసి, ఎవరు ఎవర్ని ఎలా ఎత్తి ఎక్కడ పడేశారో వరసగా రాశారు.

మర్నాడు, శుక్రవారం, ఐర్లండ్ ప్రధాని జాన్ బ్రూటన్ బీబీసీకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. ముసలావిడ టీవీ ముందు మీరూ ఉన్నారు. బ్రూటన్ మెతక మనిషి. యూనియనిస్టుల బాధ అర్థం చేసుకోవాలని చెప్పి చెప్పి సొంత దేశంలోనే వెటకారాలు పడ్డవాడు. ఆ మనిషి మొహం ఇవాళ ఎర్రబడి ఉంది. రాజ్యం అన్నది బలానికి లొంగకూడదు అంటున్నాడు. ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉండకూడదు. చట్టాన్ని ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా నడపకూడదు. మూడూ బ్రిటన్ చేసిందని చెప్పకుండానే చెప్పాడు. పక్కదేశం ప్రధాని బీబీసీలో కూర్చుని ఇంత మాట అనడం మీరు వినలేదు. లండన్ మండిపడింది. ఉత్తర ఐర్లండ్ మంత్రి పాట్రిక్ మేహ్యూ జవాబు ఒక్కటే: అది పోలీసుల నిర్ణయం, ప్రభుత్వానిది కాదు.

"అంటే ఇక్కడ ప్రభుత్వం ఎవరు?" అంటుంది ముసలావిడ, టీవీతోనే.

శనివారం, కాథలిక్కుల మద్దతున్న జాన్ హ్యూమ్ పార్టీ ఎస్‌డీఎల్‌పీ, చర్చల కోసం మేలో ఎన్నికైన ఫోరం నుంచి తప్పుకుంది. డెర్రీలో ఒకాయన సైనిక వాహనం కింద పడి చనిపోయాడు. ఆదివారం తెల్లవారుజామున ఎనిస్కిలెన్‌లో, పెళ్ళి జరుగుతున్న హోటల్ ముందు కారు బాంబు పేలింది. 1994 తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో పేలిన మొదటి కారు బాంబు.

జులై 18, లండన్. రెండు ప్రభుత్వాల సమావేశం. ఐర్లండ్ వైపు విదేశాంగ మంత్రి డిక్ స్ప్రింగ్. ఎదురుగా మేహ్యూ. మీరు స్ప్రింగ్ వెనక, గోడకి ఆనించిన కుర్చీలో, నోట్సు రాసుకోవడానికి. తివాచీ మెత్తగా ఉంది. కప్పులు సాసర్ల మీద చప్పుడు కూడా చేయడం లేదు. ఎవరూ గొంతు పెంచడం లేదు, దౌత్యంలో కోపం ఎప్పుడూ తగ్గు గొంతులోనే ఉంటుంది. అటువైపు నుంచి అదే మాట మళ్ళీ వచ్చింది, అది పోలీసుల నిర్ణయమని. మీ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళింది. ఆ దిమ్మ అక్కడే ఉంది. ఇప్పుడు చల్లగా ఉంది. తీసి బల్ల మీద పెట్టాలనిపిస్తుంది.

పెట్టరు. అది మీ పని కాదు. మీరు రాస్తారు: అభిప్రాయాలు దాపరికం లేకుండా చెప్పుకున్నారు. దౌత్యంలో దానర్థం తిట్టుకున్నారని.

ఆ గదిలోంచి వెంటనే ఏమీ రాలేదు. కానీ ఊరేగింపుల తీర్పు పోలీసు లాఠీ చేతుల్లో ఉండకూడదన్న మాట లండన్‌కీ ఎక్కింది. పీటర్ నార్త్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడి కింద ఒక విచారణ వేశారు. అందులోంచి పరేడ్స్ కమిషన్ పుట్టింది. 1998 చట్టంతో దానికి అధికారం వచ్చింది. ఈ మధ్యలో 1997 జులై ఒకటి గడిచింది. తెల్లవారుజామున మూడున్నరకి పోలీసులు మళ్ళీ ఇటు తిరిగి, ఈ వీధిని తొక్కేసి, ఊరేగింపుని దాటించారు. ముసలావిడ ఆ రాత్రి మీకు ఫోను చేసింది. మీరు డబ్లిన్‌లో ఉన్నారు. ఆమె ఏమీ మాట్లాడలేదు. చప్పుళ్ళు వినిపించి పెట్టేసింది.

1998 జులై. మీరు మళ్ళీ ఇక్కడ. ఏప్రిల్‌లో ఆ చర్చల్లోంచే గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ట్రింబుల్ ఇప్పుడు కాబోయే ముఖ్యమంత్రి. ఈసారి కమిషన్ వద్దంది. రోడ్డుకి అడ్డంగా ఉక్కు గోడ. పొలంలో సైన్యం కందకం తవ్వింది. మెరక మీద మళ్ళీ గుడారాలు, డప్పులు, వేల మంది. ఇంకో మూడు రోజుల్లో బాలిమనీలో ఒక కాథలిక్ తల్లి ఇంటికి నిప్పు పెడతారు, ముగ్గురు చిన్నపిల్లలు పోతారు, ఆ తర్వాత మెరక మీద జనం పలచబడతారు. అది ఇంకా జరగలేదు. ఎవరికీ తెలియదు.

ఇవాళ జులై 9. మళ్ళీ గురువారమే. ఐదో రోజు. వంటింట్లో గడియారం పన్నెండుకి దగ్గర పడుతోంది. ముసలావిడ పొద్దున నుంచీ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. బంగాళాదుంపలు చెక్కుతోంది. చెక్కినవే మళ్ళీ చెక్కుతోంది.

"ఒక్కసారి వెళ్ళి చూసి రండి," అంటుంది తల ఎత్తకుండా. "ఇంకా అటే తిరిగున్నారా?"

మీరు గేటు తీసుకుని రోడ్డు మీదికి వస్తారు. డప్పు మోగుతోంది. మెరక వైపు నడుస్తారు, ఉక్కు గోడ కనిపించేదాకా.

ముదురాకుపచ్చ వీపులు.